తెపె, టిబ్బా, తిప్ప: ఒక గుట్టపేరు పుట్టుకను గూర్చిన వివాదము

నేలనుండి తలయెత్తిన ప్రతి మిట్టకును తెలుగువాడు వేరువేరు పేర్లు పెట్టినాడు. కొండ, గుట్ట, మెట్ట, గట్టు, బోడు, తిప్ప, దిబ్బ, దిన్నె అను నీ మాటలలో ఏ రెండును సరిగా ఒకే యర్థము గలవి కావు. ఎత్తును బట్టియు, రాతి నేలయా మట్టి నేలయా యను దానిని బట్టియు, తనంత తానుగ నిలిచినదా లేక మనుష్యులో నదియో గాలియో పోగుచేసినదా యను దానిని బట్టియు పేరు మారుచుండును. ఈ వరుసలో తిప్ప యనునది తుర్కీ భాషలలోని తెపె యను మాటకు ధ్వనిలోను అర్థములోను మిక్కిలి సన్నిహితముగ వినబడుటచేత, రెంటికిని చుట్టరికము గలదా యను ప్రశ్న పుట్టుచున్నది. నడుమ పంజాబు మొదలు హిమాలయ పాదముల వరకు టిబ్బా యను మరియొక మాట వ్యాపించి యుండుటచేత ఆ ప్రశ్న మరింత చిక్కుపడినది.

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతము ఈ ప్రశ్నను పరీక్షించుటకు తగిన నేల. 2016 అక్టోబరు 11న నిజామాబాదు నుండి వేరుపడిన కామారెడ్డి జిల్లాలో తెలుగు ప్రధాన భాష; పట్టణములలో ఉర్దూ వినబడును; మద్నూరు, జుక్కల్, బిచ్కుంద వైపునకు పోయినకొలది మరాఠీయు, కన్నడమును చెవిని సోకును. అనగా గుట్ట, పహాడ్, టేకడీ, గుడ్డ యను నాలుగు భాషల మాటలు ఇచ్చట ఇరుగుపొరుగున బ్రతుకుచున్నవి. పరదేశపు మాట యేదైన తెలుగు నేలలో పాతుకొని యుండినచో దాని జాడ కనబడవలసిన చోటు ఇది.

తుర్కీ సాక్ష్యము

తెపె చరిత్ర వ్రాతమూలకముగ క్రీ.శ. 8వ శతాబ్దమున మొదలగును. మంగోలియాలోని ఓర్ఖోన్ లోయలో 732లో నిలిపిన కుల్ తిగిన్ శాసనమునను, 735 నాటి బిల్గే ఖగాన్ శాసనమునను ఈ మాట ‘తొపు’ లేక ‘తొపొ’ యని చదువదగిన రూపమున కనబడుచున్నది. 1893లో డెన్మార్కు పండితుడు విల్హెల్మ్ థామ్సెన్ ఆ లిపిని విప్పి చదివిన పిదపనే ఈ సాక్ష్యము లోకమునకు అందినది. అయితే ఆ శాసనములలో దాని యర్థము కొండ కాదు, నడినెత్తి. ఆకాశదైవము రాజదంపతులను నడినెత్తిన పట్టి పైకెత్తినదని చెప్పుచోట ఆ మాట వాడబడినది. 11వ శతాబ్దమున బాగ్దాదులో మహమూద్ కాష్గరీ రచించిన తుర్కీ నిఘంటువునాటికి నడినెత్తి, కొండకొన యను రెండర్థములును స్థిరపడినవి.

నేటి తుర్కీ భాషలు ఈ రెండర్థములను తలా కొంత పంచుకొన్నవి. టర్కీలో తెపె, తుర్క్మెనులో దెపె, ఉజ్బెకులో తెపా, కజఖ్‌లో తొబె, కిర్గిజ్‌లో దొబొ, తాతారులో తుబె. సైబీరియాలోని యాకూతులు దాని రూపాంతరమును తల యను అర్థమున వాడుదురు. వోల్గా తీరమున చువాషులు ఆకాశమునకే ఆ పేరు పెట్టుకొన్నారు. మధ్య ఆసియావారు ధరించు చిన్న టోపీని రష్యనులు త్యుబెతేయ్కా యనుట కూడ నడినెత్తిని దెలుపు ఈ మాటనుండియే.

ఇందులో మనము ముఖ్యముగ గుర్తుంచుకొనవలసిన విషయ మొకటి గలదు. ఈ మాటయొక్క ప్రాచీన రూపమున అచ్చులు పెదవులను గుండ్రము చేసి పలుకునవి. ఆ గుండ్రదనము పోయి ‘ఎ’కారము నిలుచుట ప్రధానముగ పడమటి శాఖలో కలిగిన మార్పు. తెలుగు చెవికి తిప్పను తలపించునది ఆ తరువాతి పడమటి రూపమే గాని శాసనములనాటి రూపము కాదు. ఈ వివాదమును గూర్చి వ్రాయు వారిలో ఈ కాలభేదమును పాటింపక, నేటి రూపమును నేటి రూపముతో పోల్చి తృప్తిపడు వారే యెక్కువ. చిక్కులో సగము అచ్చటనే పుట్టుచున్నది.

పడమటికి నడచిన మాట

మాటయొక్క వ్యాప్తిని గూర్చి పెద్ద వివాదము లేదు. 1071లో మంజికర్టు యుద్ధమున సెల్జూకులు గెలిచిన పిదప అనటోలియా పీఠభూమి అంతటను తుర్కీ ఊరిపేర్లు నాటుకొన్నవి. పిమ్మట ఒటోమనులతో ఆ మాట బాల్కను దేశములకు దాటినది. బల్గేరియాలోని ప్లొవ్దివ్ నగరపు గుట్టలను నేటికిని ఆ ఊరివారు తెపెలనియే పిలుతురు. కజఖ్‌స్థానమున అక్తొబె, అనగా తెల్లగుట్ట, ఒక పెద్ద నగరము. ఆల్మాటీ నగరముమీదికి తొంగిచూచు కొండ పేరు కొక్‌తొబె.

పారసీకములోనికి ఈ మాట తప్పె యను రూపమున చేరినది. గేర్హార్డ్ డోర్ఫర్ 1963 మొదలు 1975 వరకు నాలుగు సంపుటములుగ వెలువరించిన గ్రంథము నవీన పారసీకమున చేరిన తుర్కీ, మంగోలు పదములను సంకలించినది. ఇట్టి యెరువులు ఎన్ని మార్గముల నడచినవో దానివలన తెలియును. ఇరానులో సియల్క్, హిసార్, యహ్యా మొదలగు త్రవ్వకపు స్థలములు తప్పె యను పేరుతోనే లోకమునకు తెలిసినవి. తుర్క్మెనిస్థానమున ఆల్టిన్ దెపె, గోనూర్ దెపె. టర్కీలో 1995 నుండి క్లౌస్ ష్మిట్ త్రవ్వించిన గొబెక్లి తెపె. వేల యేండ్ల జనావాసము కూలి, మరల కట్టబడి, మరల కూలి యేర్పడిన మట్టిగుట్టకు పురాతత్త్వజ్ఞుల భాషలో ఈ మాట దాదాపు పారిభాషికమైనది. అరబ్బులు ఇదే యర్థమున ‘తల్’ అందురు గాని, అది అక్కదీయ ‘తిల్లు’ నుండి వచ్చిన సెమిటిక్ పదము. తెపెతో దానికి సంబంధము లేదు.

పుట్టిల్లు ఎచ్చట?

తుర్కీకి ముందు ఈ మాట ఎవరిది యను ప్రశ్నకు రెండు పక్షములు గలవు. తుర్కీ, మంగోలు, తుంగూసు భాషలు ఒకే కుటుంబమునకు చెందిన అక్కచెల్లెండ్రని రామ్‌స్టెట్, పోపె మొదలగు వారు ప్రతిపాదించిరి. 2003లో స్తారొస్తిన్, దిబొ, ముద్రక్ కలిసి వెలువరించిన అల్తాయిక్ నిఘంటువు ఆ పక్షపు మహాగ్రంథము. ఈ మతము ననుసరించు వారికి మంగోలులో చిన్నగుట్టను తెలుపు ‘దొబొ’ వంటి మాటలు తెపెకు తోబుట్టువులు. క్లాసన్, డోర్ఫర్ మొదలగువారు ఈ కుటుంబమునే అంగీకరింపలేదు. వారి దృష్టిలో ఇట్టి పోలికలు శతాబ్దముల సహవాసమున ఒకరినుండి యొకరు గ్రహించిన యెరువులు. 1972లో క్లాసన్ వెలువరించిన తుర్కీ వ్యుత్పత్తి నిఘంటువు ఆ నిగ్రహముతోనే, 13వ శతాబ్దమునకు పూర్వపు ప్రయోగములకు మాత్రమే పరిమితమై, నడచినది.

మన దేశపు పాఠకునికి సహజముగ తోచునది మరియొకటి గలదు. సంస్కృతమున స్తూపశబ్దమునకు తొలుత శిఖ, జుట్టుముడి, కొన యను నర్థములు గలవు. పోగు, మట్టిగుట్ట యను నర్థములును, బౌద్ధ స్తూపమను నర్థమును తరువాతివి. నడినెత్తినుండి గుట్టకు నడచిన తొపుతో దీని పోలిక చూచువారిని ఆకర్షింపక మానదు. పాళి, ప్రాకృతములలో సకారము పోయి థూప మగుటచేత ధ్వనిలోను దూరము తగ్గినది. అయినను తలనుండి కొండకొనకు అర్థము ప్రాకుట మానవభాషలలో సర్వసాధారణము. శిఖ, శిఖరము అను జంటయే అందుకు మన యింటి సాక్ష్యము. అర్థము ఒకే దారిని నడచినంత మాత్రమున మాటలు ఒక తల్లి బిడ్డలు కావు. స్తూపమునుండి తొపు పుట్టినదని నిరూపించు ధ్వనిసూత్ర మేదియు ఇంతవరకు స్థాపింపబడలేదు.

సింధువును దాటినదా?

వివాదమునకు కీలకమైన నడిమి మెట్టు టిబ్బా. పంజాబీ, హిందీ ప్రాంతములలో ఇసుకగుట్టను, చిన్నమిట్టను టిబ్బా లేక టీబా అందురు. హిమాలయములలో ఈ మాట శిఖరములకును ఎక్కినది: మనాలీ సమీపమున దేవ్ టిబ్బా, ముస్సోరీలో లాల్ టిబ్బా. తుర్కీ దండులు వచ్చిన తోవలోనే ఈ మాట దట్టముగ వ్యాపించి యుండుటచేత, తప్పెయే టిబ్బాగా మారినదని యనుకొనుట సులభము.

అయితే రెండు చిక్కులు గలవు. పారసీక దంత్య తకారము సాధారణముగ హిందీ, ఉర్దూలలో దంత్యముగనే నిలుచును. తుఫంగు, తఖ్తు, తకియా అన్నియు అట్లే నిలిచినవి. టిబ్బాలో ఆదియందే మూర్ధన్య టకార మున్నది. రెండవది అచ్చు: తప్పెలోని అకారము ఇకారమగుటకు కారణము చూపవలయును. ఈ రెండు చిక్కులను విప్పకుండ ఎరువును అంగీకరించుట కష్టము. మూర్ధన్యముతో మొదలగు టీలా, టేకరీ, మరాఠీ టేకడీ మొదలగు మాటల గుంపులో టిబ్బా మరింత సుఖముగ ఒదుగుచున్నది. ఆ గుంపు సంస్కృతమునకు లొంగని దేశ్యపదములది. ఆర్యభాషలకు ముందు ఈ దేశమున నున్న భాషల సొత్తు కొంత అందులో నిలిచి యుండవచ్చునను పక్షమును తేలికగ త్రోసివేయ వీలులేదు.

తెలుగు తిప్ప

ఇక మన మాటకు వత్తము. తిప్ప, దిబ్బ యనునవి తెలుగున జంట రూపములు. కన్నడమున తిప్పె యనగా పెంటకుప్ప. దిబ్బ, దిణ్ణె యనగా మిట్ట. తమిళమున తిట్టు, తిట్టై యనగా మెరక నేల, ఏటినడిమి లంక. పదాదిని దకారము ద్రావిడభాషలలో తరువాతి కాలమున కలిగిన మార్పు గనుక తకారరూపమే పాతదని తలంపవచ్చును. తిట్ట, తిప్ప, దిన్నె యను నీ మాటలన్నియు ఒకే ధాతువునుండి వేరువేరు ప్రత్యయములతో పుట్టినవా, లేక రెండు మూడు ధాతువులు కాలక్రమమున కలిసిపోయినవా యను విషయమున ఏకాభిప్రాయము లేదు గాని, అవి దక్షిణమున లోతుగ వేళ్ళూనిన మాటలనుటకు ఈ విస్తృతియే సాక్ష్యము.

అర్థపు తీరు మరింత బలమైన సాక్ష్యము. పెంటదిబ్బ, ఇసుకతిప్ప, బూడిదదిబ్బ, పాటిదిబ్బ యను సమాసములలో దిబ్బ యనగా పోగుపడినది. విశాఖపట్టణమునకును భీమునిపట్టణమునకును నడుమ నున్న ఎర్రమట్టి దిబ్బలు గాలియు నీరును పోగుచేసినవి. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో 1957లో ఆల్చిన్ త్రవ్వించిన బూడిదదిబ్బ నవీన శిలాయుగపు పశుపాలకుల దొడ్లలో పేరుకొన్న పేడ పలుమారు కాలి యేర్పడినది. పెంటకుప్ప, మిట్ట యను రెండర్థములును ఆ యొక్క స్థలమున కలిసి నిలిచియున్నవి. తుర్కీ మాట తలనుండి బయలుదేరి కొండకొనకు చేరినది. తెలుగు మాట కుప్పనుండి బయలుదేరి మిట్టకు చేరినది. ఒకటి పైనుండి దిగినది, రెండవది క్రిందినుండి పెరిగినది. ‘కుప్పలు తెప్పలు’ అను జాతీయములోని తెప్ప ఈ తిప్పయే కావచ్చునని నా యభిప్రాయము; ద్రావిడమున ఇకార, ఎకారములు ఒకదానికొకటి మారుటను గూర్చి బరో, భద్రిరాజు కృష్ణమూర్తి మొదలగువారు చేసిన విచారణ ఈ యూహకు అడ్డురాదు.

తెలుగుదేశపు స్తూపములకు కూడ ఈ మాటలే అంటుకొన్నవి. 1797లో కాలిన్ మెకంజీ చూచిన అమరావతీ స్తూపము ఊరివారి నోట దీపాలదిన్నె. 1892లో అలెగ్జాండర్ రీ ధాతుకరండములను వెలికితీసిన భట్టిప్రోలు స్తూపమును అచ్చటివారికి దిబ్బయే. ఉజ్బెకిస్థానమున తెర్మెజ్ వద్ద కుషాణకాలపు బౌద్ధ విహారములను దాచిన గుట్టలు కారా తెపె, ఫయాజ్ తెపె యని పేరొందినవి. ఒకే మతపు శిథిలములకు, ఆ మతము నెరుగని తరువాతి జనులు రెండు దూరదేశములలో, తమతమ సొంత మాటలతో, ఒకే తీరున పేరు పెట్టుకొన్నారు. ఈ సామ్యమునకు చుట్టరికము అక్కరలేదు. కూలిన కట్టడము ఎచ్చటనైనను మిట్టగనే కనబడును.

కామారెడ్డి సీమలో ఊరిపేర్ల సాక్ష్యము

కామారెడ్డి, ఎల్లారెడ్డి యను రెండు పేర్లును మనుష్యుల పేర్లమీద నిలిచినవే గాని నేలతీరును తెలుపునవి కావు. నేలతీరు చిన్న యూళ్ళ పేర్లలో కనబడును. దోమకొండ సరే, అది స్పష్టము. భిక్నూరు మండలములోని తిప్పాపూర్ పేరు చూడగానే తిప్పగల యూరనిపించును. కాని తిప్పయ్య, తిప్పారెడ్డి యనునవి తెలుగున ప్రసిద్ధములగు పురుషనామములు. శ్రీనాథుడు హరవిలాసమును అంకితమిచ్చిన అవచి తిప్పయసెట్టి పేరే అందుకు చాలును. తిప్పాపూర్ ఏ తిప్పయ్యయో కట్టించిన యూరైనను కావచ్చును. ‘పూర్’ యను ముగింపునకు మనుష్యనామము తగినంతగ గుట్టపేరు తగదు. కనుక నేను ఆ రెండవ పక్షమువైపే మొగ్గుదును. కామారెడ్డికి చేరువనున్న టేక్రియాల్ పేరులో టేకరీ వినబడుచున్నది. కాని టేకుమట్ల, టేకులపల్లి వంటి తెలంగాణ గ్రామములవలె టేకుచెట్టుపేరును వినబడుచున్నది. ‘యాల’ యను తుది జగిత్యాల, మంచిర్యాలలలోనిది. చెవికి ఇంపైన వ్యుత్పత్తి ప్రతిసారియు సత్యము కాదనుటకు ఈ రెండూళ్ళును మంచి పాఠములు.

తుర్కీ సంతతివారు ఈ సీమకు రానివారు కారు. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సైన్యమునకు లొంగినది. 1350లో కాపయనాయకుడు నేటి జుక్కల్ సమీపమునందలి కౌలాసు దుర్గమును బహమనీ సుల్తానునకు విడిచినాడు. 1518 నుండి 1687 వరకు గోలకొండ నేలిన కుతుబ్‌షాహీల మూలపురుషుడు సుల్తాన్ కులీ, కారా కొయున్లూ యను తుర్క్మెను వంశమువాడు. వారివలన తెలుగున చేరిన తుర్కీ మాటలు మాత్రము ఏ తరగతివి? తుపాకి, బహదూరు, బేగము, ఖాను, ఉర్దూ, ఖజాంచిలోని ‘చి’ ప్రత్యయము. ఆయుధములు, బిరుదులు, దండు, కొలువు. శిస్తు వ్యవహారమున తాలూకా, జమాబందీ, పహాణీ వంటి అరబ్బీ, పారసీక పదములు పల్లెలోనికి దిగినవి. గుట్టను గట్టును పిలుచు మాటలు దిగలేదు. పాలకుల రాజధాని పేరే గొల్లకొండయై, కొండ యను తెలుగు మాటనే మోసినది. పొలముగట్టున పెంటదిబ్బ పెట్టు రైతు ఆ దిబ్బపేరును కొలువునుండి ఎరువు తెచ్చుకొనెనని నమ్ముట కష్టము.

వాదముల తూకము

తిప్పకును తుర్కీ మాటకును గల పోలికను వివరించు పక్షములు మూడు. మొదటిది ఎరువు: పారసీకము ద్వారా దక్కను ఉర్దూకును, అచ్చటినుండి తెలుగునకును. తప్పె తెలుగునకు వచ్చియుండినచో అకారముతో వచ్చి యుండవలయును. పైగా తమిళ, కన్నడములలోని సజాతీయములకు ఈ పక్షము సమాధానము చెప్పజాలదు. నాకు ఇది నిలువని పక్షము.

రెండవది ఆదిమ చుట్టరికము. 1856లో కాల్డ్వెల్ ద్రావిడభాషలను తాను ‘సిథియన్’ అని పిలిచిన ఉత్తరాసియా భాషలతో చేర్చదలచెను. 20వ శతాబ్దమున బౌడా, మెంగెస్, ప్రాగు నగరపు వాచెక్ మొదలగువారు ద్రావిడ, అల్తాయిక పోలికలను సేకరించిరి. నోస్త్రాతికవాదులు మరింత విశాలమగు కుటుంబమును ఊహించిరి. ఈ శ్రమను చులకన చేయుట న్యాయము కాదు. కాని ఈ మాట విషయమున, మొదటనే చెప్పినట్లు, పోల్చవలసినది తెపెను కాదు, తొపును. తొపునకు సరిపోలు ప్రాచీన ద్రావిడ రూపమున గుండ్రని యచ్చు ఉండవలయును. తిప్పలో అది లేదు. సాదృశ్యము ఎంత వెనుకకు పోయిన అంత సన్నగిల్లుచున్నది. నిజమైన చుట్టరికమున జరుగవలసినది దీనికి తలక్రిందులు.

మూడవ పక్షము ఆకస్మిక సాదృశ్యము. మెక్సికోలోని నవాతల్ భాషలో కొండను తెపెత్ల్ అందురు. పొపొకతెపెత్ల్ యను అగ్నిపర్వతముపేరున అది నేటికిని వినబడుచున్నది. తుర్కీతో ఆ భాషకు చుట్టరికమును గాని ఎరువును గాని నిరూపించినవారు లేరు. తకార, పకారములు ప్రపంచభాషలలో అత్యంత సాధారణములు. రెండక్షరముల మాటలు అనుకోకుండ కలియుట అరుదు కాదు. తిప్ప విషయమున ఈ పక్షమే న్యాయమని నా నిర్ణయము.

తేలనిది, చేయవలసినది

టిబ్బా మాత్రము తేలలేదు. అది దేశ్యమా, ఎరువా, లేక దేశ్యమగు మాట యొకటి తప్పె సహవాసమున బలము పుంజుకొన్నదా యను మూడును సాధ్యములే. దానికిని తిప్ప, దిబ్బలకును నడుమ దక్కనులో వంతెనవంటి రూపములు దొరకినచో వివాదము కొత్త దారి పట్టును. ఆ రూపములు పుస్తకములలో దొరకవు. నిజాము కాలపు సేత్వారులు మొదలగు భూమి రికార్డులు ఉర్దూలో వ్రాయబడినవి. హ్రస్వ స్వరములను సాధారణముగ గుర్తింపని ఆ లిపిలో తిప్పయు తెప్పయు తప్పయు ఒక్కటే. ఈ చిక్కును తీర్చగలది ఊరివారి ఉచ్చారణ యొక్కటే.

ఆ ఉచ్చారణ నిలుచుటకు గుట్టలు నిలువవలయును. ప్లొవ్దివ్ తెపెలలో ఒకటగు మార్కొవొ తెపెను రాతికొరకు త్రవ్వి తుడిచివేసిరి. నేడు ఆ పేరు అచ్చటి అంగడికి మిగిలినది. నిజాంసాగరము 1931లో పూర్తియై మంజీరానదిని నిలిపినపుడు మునిగిన పల్లెలతో వాటి మిట్టల పేర్లును మునిగినవి. నేడు కంకర క్వారీలు గుట్టలను మింగుచున్నవి. కావున కామారెడ్డి, ఎల్లారెడ్డి, బాన్సువాడ ప్రాంతములందలి ఉపాధ్యాయులకును కళాశాల విద్యార్థులకును నా విన్నపము: మీ యూరి పొలిమేరలోని ప్రతి గుట్టను, తిప్పను, దిబ్బను, గడ్డను, టేకడీని పెద్దలు ఏమని పిలుతురో, వారు పలికిన తీరుననే తెలుగు లిపిలో వ్రాసి, వీలైన వారి గొంతుతోనే పదిలపరచి, ఆ మిట్ట రాతిదో మట్టిదో ఇసుకదో కూడ గుర్తించి యుంచుడు.